లారీ ఎత్తు బడి

యలమంద మేస్త్రికి తప్పు ఒప్పుకోవడం రాదు. తాపీ పట్టడం వచ్చు, గోడకి తూకపు గుండు వదలడం వచ్చు, కూలీల్ని తిట్టడం అందరికంటే బాగా వచ్చు. కానీ "ఇది నా పొరపాటు" అనే మాట మాత్రం నలభై ఏళ్ళ పనిలో ఒక్కసారి కూడా ఆయన నోటి వెంట రాలేదు. గోడ వంకరపోతే ఇటుక మంచిది కాదు. గచ్చు బీటలిస్తే సిమెంటు కల్తీ. ఒకసారి విస్సన్నపేటలో ఒక రైతు ఇంటికి వంటింటి కిటికీ పెట్టడం మర్చిపోయి, "దొంగలు వంటింటి కిటికీలోంచే వస్తారమ్మా, అందుకే పెట్టలేదు" అని ఇంటావిడతో గంటసేపు వాదించి, ఆఖరికి ఆవిడ చేతే "మంచి పని చేశావు మేస్త్రీ" అనిపించుకున్న ఘటం ఆయన. ఆవిడ ఇప్పటికీ పొగలో దగ్గుతూనే వండుతోంది.

అలాంటి మనిషి చేతికి చంటిపిల్లల బడి అప్పజెప్పారు. అప్పజెప్పింది మామిడికాయల వ్యాపారి సత్యనారాయణమూర్తి. నూజివీడు నుంచి నాగపూరు దాకా కాయలు పంపే మనిషి. బడులు కట్టే రకం కాదు పాపం. ఆయనకి ఈ తద్దినం ఎలా చుట్టుకుందంటే, ఆయన తల్లి కామేశ్వరమ్మ పోయే ముందు, "నీ షెడ్డులో ఆడాళ్ళు పిల్లల్ని కాయల మధ్య పడుకోబెట్టుకుంటున్నార్రా, వాళ్ళకో నీడ కట్టించు" అంది. ఆవిడ మెల్లగా అని ఉంటే గొడవ లేకపోను. ఇరవై మంది చుట్టాల ముందు అంది. మూర్తిగారు అందరి ముందూ కళ్ళు తుడుచుకుంటూ "అలాగేనమ్మా" అన్నాడు. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచీ ఆ ఇరవై మందీ వీధిలో కనిపించినప్పుడల్లా "బడి ఎంతవరకొచ్చింది?" అని అడగడం మొదలెట్టారు. మండలాలు కొత్తగా వచ్చిన రోజులు కూడానేమో, బడి కట్టిస్తే నలుగురిలో పేరొస్తుందని ఎవరో చెవినేశారు. సరే, కానీ అన్నాడు.

యలమందకి ఈ పని మీద ఇంకెవరికీ లేనంత ఆశ ఉంది. ఆయన కూతురు మంగమ్మ మూర్తిగారి షెడ్డులోనే కాయలు ఏరి పెట్టెల్లో సర్దుతుంది. మొగుడు లారీ మీద క్లీనరుగా వెళ్ళి, నాగపూరు నీళ్ళు పడ్డాయేమో, అక్కడే ఉండిపోయాడు. రెండున్నరేళ్ళ కూతురు బుజ్జమ్మ. పోయిన సీజన్లో మంగమ్మ దాన్ని గడ్డి మీద పడుకోబెట్టి పని చేసుకుంటూ ఉంటే, అప్పుడే కోసిన కాయల సొన కారి పిల్ల చెంప మీద పడింది. చెంప బొబ్బలెక్కి, మానాక మచ్చ మిగిలింది. ఆ నెలలోనే ఇంకో పిల్లాడి మీద పెట్టె పడబోయి తప్పిపోయింది. దాంతో మూర్తిగారు వచ్చే సీజన్ నుంచి షెడ్డులోకి పిల్లల్ని రానిచ్చేది లేదని ఆర్డరేశాడు. ఆయన మాట కూడా సబబే. కానీ మరి పిల్లని ఎక్కడ పెట్టాలి? ఇంట్లో చూసేవాళ్ళు లేరు. బడితో పాటు చంటిపిల్లల్ని చూసే బాలవాడి వస్తే సరేసరి. రాకపోతే బుజ్జమ్మని నడుముకి చీరముక్క కట్టి, మంచం కోడుకి ముడేసి, తలుపు గొళ్ళెం పెట్టి పనికి పోవాలి. మంగమ్మ ఆ మాట తండ్రితో ఒక్కసారే అంది. ఒక్కసారికే ఆయనకి అన్నం సయించలేదు.

ప్లాను గీసింది జోజిబాబు అని, బెజవాడలో డిప్లొమా చదివి కొత్తగా పనులు పడుతున్న కుర్ర ఇంజినీరు. చాలా ముచ్చటపడి గీశాడు. రెండు తరగతి గదులు, మధ్యలో బాలవాడి గది. పిల్లలు కూర్చుంటే రోడ్డు కనపడేలా కిందికి కిటికీలు. నేలకీ గచ్చుకీ మధ్య నలభై అయిదు సెంటీమీటర్లు, ఎక్కడానికి చిన్న మెట్లు. ఆ నీలం కాగితాన్ని జీపు బానెట్టు మీద పరిచి అరగంట చెప్పాడు. ప్రతి మాటకీ యలమంద "అలాగేనండి" అన్నాడు. యలమంద "అలాగేనండి" అంటే ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదని లెక్క. ఆయనకి అడుగులూ అంగుళాలూ తెలుసు, సెంటీమీటరంటే బట్టల కొట్లో వాళ్ళ గొడవనుకుంటాడు. ఆ సంగతి జోజిబాబుకి తెలియదు. తెలిసే లోపు అతనికి పచ్చకామెర్లు వచ్చి, నేల ఉసిరి పసరు తాగుతూ రెండు నెలలు తల్లి దగ్గర మంచమెక్కాడు.

ఇక యలమంద సొంత విద్య గురించి చెప్పాలి. ఆయన ఈ చుట్టుపక్కల ముప్ఫై రెండు మామిడికాయల షెడ్లు కట్టాడు. షెడ్డంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు, మూడు పక్కల గోడలు, పైన రేకులు, ముందు వైపు వెడల్పుగా ఖాళీ. అసలు కీలకం అరుగు ఎత్తులో ఉంది. లారీ వెనక్కొచ్చి ఆనుకుంటే అరుగూ లారీ బాడీ ఒకే మట్టంలో ఉండాలి. వేలెడు తేడా ఉన్నా కూలీ కాలు తట్టుకుంటుంది, పెట్టె పడుతుంది, కాయ దెబ్బతింటుంది, ఢిల్లీ వెళ్ళేసరికి కుళ్ళుతుంది. అందుకని యలమందకి ఒక పద్ధతుంది. పునాది రాయి తెచ్చిన మొదటి లారీని అక్కడే నిలబెట్టి, పక్కన పొడుగాటి కర్రబద్ద నిలువుగా ఆనించి, బాడీ అడుగు దగ్గర కత్తితో గాటు పెడతాడు. ఆ గాటు దాకా బేస్‌మట్టం లేపుతాడు. నాలుగడుగులు. ముప్ఫై రెండు షెడ్లలో ఒక్క లారీకి కూడా తేడా రాలేదు.

బడి స్థలం విస్సన్నపేట రోడ్డు పక్కన. వెనక ముళ్ళకంచె, రెండు పక్కలా తోటలు, ముందు రోడ్డు. డ్రైవరు చిన్నయ్య రాయి లారీ తెచ్చి ఆపాడు. యలమంద బీడీ ఆర్పేసి, కర్రబద్ద ఆనించి, గాటు పెట్టాడు. ఆయన బుర్ర ఆ టైములో బుజ్జమ్మ గది ఏ మూలనుంటే గాలి బాగా వస్తుందా అని ఆలోచిస్తోంది. చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

అక్కడి నుంచి ఇక అన్నీ అలాగే నడిచాయి. కిటికీలు మనిషి తల కంటే పైకి పోయాయి, షెడ్డుకి గాలి పైనుంచే కదా రావాలి. ముందు తలుపు ఎనిమిదడుగుల వెడల్పైంది, పెట్టెలు ఇద్దరు పట్టుకుని పోవాలి కదా. మూర్తిగారు మధ్యలో రెండుసార్లొచ్చి చూశాడు. ఒకసారి అరుగు అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, ఏదో అనబోయి, అనకుండా చిన్నగా నవ్వుకుని వెళ్ళిపోయాడు. పని నచ్చిందనుకుని యలమంద పొంగిపోయాడు.

మార్చి నెల సగమయ్యేసరికి రేకులెక్కాయి. ఒకరోజు పొద్దున్న యలమంద లోపల గొంతుక్కూర్చుని గచ్చుకి నునుపు తేలుస్తున్నాడు. బయట పిల్లల గోల వినిపించింది. బాలవాడి టీచరు శారద ఇన్నాళ్ళూ చెట్టు కింద పిల్లల్ని పెట్టుకుని నెట్టుకొస్తోంది, కొత్త బడి చూపిస్తానని అందర్నీ వెంటేసుకొచ్చింది. యలమంద తలెత్తి వాకిలి వైపు చూశాడు. గోల వినిపిస్తోంది కానీ ఒక్క పిల్ల కనపడలేదు. శారద టీచరు మొహం మాత్రం, అదీ భుజాల పైనుంచి, కనిపించింది.

"పిల్లలేరీ టీచరుగారూ?" అన్నాడు.

"ఇక్కడే ఉన్నారు మేస్త్రిగారూ. మీకే కనపట్లేదు."

ఆయన లేచి అంచు దాకా వచ్చి కిందకి చూశాడు. ముప్ఫై మంది పిల్లలు అరుగు కింద నిలబడి మెడలు విరిగేలా పైకి చూస్తున్నారు. ఒకటో తరగతికి రాబోయే పెద్దపిల్లల నడినెత్తులు కూడా అంచుకి అందలేదు. బుజ్జమ్మ అరుగు గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలెత్తి, అది ఎక్కడ పెట్టాలో తెలియక దింపి, మళ్ళీ రెండో కాలెత్తింది. రెండు కాళ్ళూ అయిపోయాక తాత మొహంలోకి చూసి, "తాతా, ఎత్తుకో" అంది.

యలమంద అరుగు అంచుకేసీ పిల్లకేసీ చూశాడు. ఏం జరిగిందో ఆ క్షణంలో మొత్తం అర్థమైపోయింది. నోరు మాత్రం దాని పాత దారి పట్టింది.

"రేపు వానాకాలంలో నీళ్ళొస్తాయి టీచరుగారూ. అందుకే కాస్త ఎత్తు లేపాను."

"నాలుగడుగుల నీళ్ళు నూజివీడుకొస్తే మేస్త్రిగారూ, బెజవాడ ఉండదు," అంది శారద.

ఈలోగా మూర్తిగారు లారీతో సహా దిగాడు. చిన్నయ్యని లారీ వెనక్కి తీసుకురమ్మన్నాడు. పిల్లలు పక్కకి పరిగెత్తారు. లారీ మెల్లగా వచ్చి అరుగుకి ఆనుకుంది. బాడీకీ గచ్చుకీ మధ్య అగ్గిపుల్ల కూడా దూరదు. మూర్తిగారు అరుగు మీంచి లారీలోకి, లారీలోంచి అరుగు మీదకి రెండుసార్లు నడిచాడు. మొహం వెలిగిపోయింది.

"ఆహా! ఏం కుదిరిందయ్యా యలమందా! నా పాత షెడ్డు కూడా ఇంత బాగా కుదర్లేదు. చూశారా టీచరుగారూ, ఎండాకాలం ఎలాగూ బళ్ళకి సెలవులే కదా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాయలు పోసుకుందాం. తర్వాత మీ బడి మీరు పెట్టుకోండి."

"బడికి సెలవులు కానీ బాలవాడికి కాదు కదండీ," అంది శారద. "వీళ్ళ తల్లులకి పని ఉండేదే ఆ మూడు నెలలు. అప్పుడు మూసేసి, వాళ్ళు ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు తెరవమంటారా?"

"వచ్చే ఏడు చూద్దాంలెండి," అన్నాడు మూర్తిగారు.

వచ్చే ఏడు అంటే ఏంటో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఒక్కసారి మామిడికాయలు పోసిన చోటు మళ్ళీ బడైన దాఖలా ఈ జిల్లాలో లేదు. మూర్తిగారు యలమంద భుజం తట్టి, చాట్రాయి బసవపున్నారావు గారు పెద్ద షెడ్డు కట్టించబోతున్నాడని, ఆ పని తనే ఇప్పిస్తానని చెప్పాడు. నలుగురి ముందూ అంత పొగడ్త యలమంద జన్మలో వినలేదు. ఏనుగెక్కినంత సంబరం రావాల్సింది. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుగా ఉంది.

ఆ సాయంత్రం మంగమ్మ అన్నం పెట్టలేదు. ఖాళీ కంచం ముందు పెట్టి ఊరుకుంది.

"ముప్ఫై రెండు షెడ్లు కట్టావు, సంతోషం. ముప్ఫై మూడోది నా కూతురి నెత్తి మీద కట్టావు. బడి కట్టమంటే లారీకి కడతారా ఎవరైనా? లారీ వచ్చి అ ఆలు దిద్దుకుంటుందా?"

"నాదేముంది? ఆ ఇంజినీరు గాడు..."

"వాడు రెండు నెలలుగా మంచం మీద ఉన్నాడు! ఇంకొకళ్ళ మీద తొయ్యకు నాన్నా. ఏప్రిల్ ఒకటి నుంచి నేను పనికి పోవాలి. ఈ ముడెలా వెయ్యాలో నువ్వే నేర్పించు."

అని పాత చీరముక్క తీసుకొచ్చి ఆయన ముందు పడేసింది. యలమంద దాన్ని చూసి, కంచం పక్కకి జరిపి, బయటికెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. మొదట జోజిబాబుని తిట్టుకున్నాడు. తర్వాత చిన్నయ్యని, అంత ఎత్తు లారీ ఎవడు తెమ్మన్నాడని. తర్వాత లారీలు తయారుచేసే వాళ్ళని కూడా తిట్టుకున్నాడు. అందరూ అయిపోయారు. ఇంకెవరూ మిగల్లేదు.

మర్నాడు పొద్దున్న పిల్లలు చేరే వేళకి యలమంద, శారద టీచరు బాలవాడి నడిపే చెట్టు కిందకి పది ఇటుకలు మోసుకొచ్చాడు.

"పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ నడిపించండి," అన్నాడు.

ఒక ఇటుక పడుకోబెట్టాడు. బుజ్జమ్మ చేతులు ఆనించకుండా దాని మీదకెక్కింది. రెండు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. బుజ్జమ్మ వంగి, రెండు చేతులూ కింద ఆనించి, కుక్కపిల్ల ఎక్కినట్టు ఎక్కింది. మిగతా చంటిపిల్లలూ అంతే. యలమందకి కావాల్సింది దొరికింది. ఒక ఇటుక మందం మూడంగుళాలు, కింద సున్నం అరంగుళం కంటే తక్కువ. నాలుగడుగులు ఎక్కాలంటే పద్నాలుగు మెట్లు. మెట్టుకి అడుగు వెడల్పు. అంటే అరుగు నుంచి రోడ్డు వైపు పద్నాలుగు అడుగులు. వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఆగి, మూడోసారి రోడ్డు వైపు చూశాడు. ఆ స్థలానికి లారీ రావాలంటే ముందు నుంచే రావాలి. ముందంతా మెట్లుంటే లారీ పద్నాలుగడుగుల దూరంలోనే ఆగిపోతుంది.

"టీచరుగారూ," అన్నాడు మెల్లగా, "ఈ కొలతలు ఎవరికీ చెప్పకండి."

ఆ వారం మూర్తిగారు సీజను బేరాలు మాట్లాడుకోవడానికి నాగపూరు వెళ్తూ బడి దగ్గర ఆగాడు. "ముప్ఫయ్యో తారీకు ప్రారంభోత్సవం. ఆర్డీవో గారు వస్తున్నారు. ఆయన ఎక్కడానికి రెండు చెక్క మెట్లు చేయించి పెట్టు. ఆయన దిగి వెళ్ళాక తీసి అవతల పారేద్దాం," అన్నాడు.

"అలాగేనండి," అన్నాడు యలమంద.

మూర్తిగారి రైలు కదిలిన మర్నాటి నుంచీ పని మొదలైంది. ప్రహరీ కోసమని దింపిన ఇటుకంతా మెట్లకి మళ్ళింది. సీజను ఇంకా మొదలవలేదు కనుక కాయలు సర్దే ఆడవాళ్ళందరూ ఖాళీగానే ఉన్నారు. మంగమ్మ వెళ్ళి చెప్పగానే గోవిందమ్మ అనే పెద్దావిడతో సహా పద్దెనిమిది మంది తట్టలు పట్టుకొచ్చారు. మట్టి మోశారు, దిమ్మెసతో కొట్టి గట్టిపరిచారు, నీళ్ళు కొట్టారు. ముప్ఫై అడుగుల పొడవునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెట్లు లేచాయి. యలమంద జీవితంలో ఇంత జాగ్రత్తగా ఏ పనీ చెయ్యలేదు. ప్రతి మెట్టుకీ రసమట్టం పెట్టి సమంగా ఉందో లేదో చూశాడు. అంచులు పిల్లల మోకాళ్ళకి కోసుకోకుండా గుండ్రంగా తేల్చాడు. ప్రతి వరసలోనూ నాలుగు ఇటుకల్ని అరుగు గోడలోకి దూర్చి కట్టాడు. అది ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆరు రోజులూ ఒక్క కూలీని కూడా తిట్టలేదు. గోవిందమ్మకి భయమేసి, మేస్త్రికి ఒంట్లో బాగా లేదేమోనని మంగమ్మని అడిగింది.

ఇరవై తొమ్మిదో తారీకు మధ్యాహ్నం మూర్తిగారు దిగాడు. వెంట చాట్రాయి బసవపున్నారావు కూడా ఉన్నాడు, తన షెడ్డు కోసం యలమంద పనితనం చూద్దామని వచ్చిన మామిడి రైతు. జోజిబాబు కూడా ఆ పూటే లేచొచ్చాడు, మొహం ఇంకా పసుపు ముద్దలాగే ఉంది. కూలీలు, ఆడవాళ్ళు, శారద టీచరు, ఇంకో ఇద్దరు మేస్త్రీలు, అందరూ అక్కడే ఉన్నారు. మూర్తిగారు కారు దిగి మెట్లు చూశాడు. ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు. మొహం కందగడ్డైంది.

"ఏంటయ్యా ఇది? రెండు చెక్క మెట్లు పెట్టమంటే సింహాచలం కొండ కట్టావా? లారీ ఎక్కడ ఆగుతుంది? నీ నెత్తి మీదా?"

యలమంద తాపీకంటిన సున్నం గీకుతూ నిలబడ్డాడు.

"నిన్నే అడుగుతున్నా. కావాలని కట్టావా? నిజం చెప్పు. కావాలని కట్టి ఉంటే ఇప్పుడే గునపాలు తెప్పిస్తా. సాయంత్రానికల్లా ఒక్క ఇటుక మిగలదు."

యలమంద గొంతులో "అవును" అనే మాట సిద్ధంగా ఉంది. అనాలని ప్రాణం కొట్టుకుంటోంది. నలభై ఏళ్ళలో ఆయన బుర్ర పెట్టి, కొలత తీసి, ఎవరికోసమో తెలిసి కట్టింది ఇదొక్కటే. గుడ్డిగా కట్టిన అరుగుని చూసి మూర్తిగారు నలుగురి ముందూ ఆహా అన్నాడు. ఇదేమో తప్పు. మంగమ్మ బుజ్జమ్మని చంకనేసుకుని మూడో మెట్టు దగ్గర నిలబడి ఉంది. యలమంద అటు చూసి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పొరపాటైపోయిందండి," అన్నాడు.

అక్కడున్న మేస్త్రీలిద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. గోవిందమ్మ తట్ట కింద పడేసింది. యలమంద నోట్లోంచి ఆ మాట రావడం ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు మరి.

"పొరపాటేంటి? పద్నాలుగు మెట్లు పొరపాటున వస్తాయా?"

"రెండే కడదామనుకున్నానండి. మొదటిది పొట్టిదైంది. దానికి సరిపెడదామని రెండోది వేస్తే అదీ పొట్టిదైంది. అలా సరిపెట్టుకుంటూ పోతే ఇక్కడిదాకా వచ్చేసింది. నాకు మెట్ల లెక్క రాదండి. ఎప్పుడూ కట్టలేదు. షెడ్లకి మెట్లుండవు కదండీ."

మేస్త్రీల్లో ఒకడు నవ్వాడు. రెండోవాడు నవ్వాపుకుని దగ్గాడు. యలమంద చెవులు ఎర్రబడ్డాయి కానీ తలెత్తలేదు. అప్పుడు జోజిబాబు టేపు తీసి ఒక మెట్టు కొలిచి, కళ్ళు పెద్దవి చేసుకుని, "మూర్తిగారూ, ఇది పొరపాటు కాదండీ, ఇవి చిన్నపిల్లల అడుగుకి సరిగ్గా..." అని మొదలెట్టాడు.

"ఇంజినీరుగారూ!" అని యలమంద అరిచాడు. "మీకింకా కామెర్లు తగ్గలేదు. ఎండలో మాట్లాడకండి. నీడలో కూర్చోండి."

జోజిబాబు ఆయన మొహంలోకి చూసి, ఏమర్థమైందో, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"సరే, తీసెయ్," అన్నాడు మూర్తిగారు.

"తీస్తే ముందు గోడ నిలవదండి. మెట్ల ఇటుకలు అరుగులోకి దూర్చి కట్టేశాను. అదీ పొరపాటే. గునపం పడితే ఆ గోడ కదిలిపోద్ది. అమ్మగారి పేరు రాయి ఆ గోడకే ఉంది మరి."

మూర్తిగారు తలెత్తి చూశాడు. వాకిలి పక్కన పాలరాతి మీద కామేశ్వరమ్మ పేరు నల్లటి అక్షరాల్లో మెరుస్తోంది. రేపు ఆర్డీవో. రేపు ఆ ఇరవై మంది చుట్టాలు. ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, అక్కడున్న అందరి ముందూ యలమందని ఒక పావుగంట తిట్టాడు. అన్నం తింటున్నావా గడ్డి తింటున్నావా అన్నాడు. తాపీ పడేసి గొర్రెలు కాసుకోమన్నాడు. యలమంద ప్రతి మాటకీ "అవునండి" అన్నాడు. పక్కనున్న బసవపున్నారావు గొంతు సవరించుకుని, "నా షెడ్డు సంగతి ఇంకెవరికైనా చెప్తాలెండి," అని కారెక్కాడు. దానికీ యలమంద "అలాగేనండి" అన్నాడు. ఈసారి మాత్రం బాగా అర్థమయ్యే అన్నాడు.

మర్నాడు ప్రారంభోత్సవం రంజుగా జరిగింది. పెద్దవాళ్ళెవ్వరికీ ఆ మెట్లు కాలికి కుదరలేదు. పెద్ద అడుగేస్తే రెండు మెట్లు దాటుతుంది, చిన్న అడుగేస్తే కాలు కాలికి తగులుతుంది. ఆర్డీవో గారు అయిదో మెట్టు మీద తూలి తమలపాకుల పళ్ళెం పట్టుకున్నారు. మూర్తిగారి పంచె ఎనిమిదో మెట్టు మీద కాలికింద పడి సగం ఊడింది, ఆయన ఒక చేత్తో పంచె, ఒక చేత్తో దండ పట్టుకుని మిగతావి ఎక్కాడు. చుట్టాల్లో ఒక లావుపాటి పెద్దమనిషి పదో మెట్టు మీద కూర్చుండిపోయి, ఫొటో అక్కడే తీసుకోమన్నాడు. ఆ గందరగోళంలో శారద టీచరు పిల్లల్ని వదిలింది. ముప్ఫై మందీ ఆ పెద్దవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి బిలబిలమంటూ పైకి పోయారు. ఒక్కళ్ళు పడలేదు. బుజ్జమ్మ చేతిలో జెండా పట్టుకుని, మెట్టుకో మాట ఏదో తనలో తను గొణుక్కుంటూ ఎక్కేసింది.

ఆర్డీవో గారు చెమట తుడుచుకుని, పిల్లల్ని చూసి, మైకు దగ్గరకొచ్చారు. "నేను పడబోయాను, పిల్లలు పడలేదు. అంటే ఇది వాళ్ళ కొలతకి కట్టిన బడి. ఇలాంటిది ఈ డివిజన్లో ఎక్కడా చూడలేదు. ఈ ఆలోచన ఎవరిది?" అన్నారు.

చప్పట్లు మోగాయి. మూర్తిగారు ఒక్క క్షణమే తటపటాయించాడు. తర్వాత పంచె బిగించుకుని మైకు అందుకున్నాడు.

"మా అమ్మగారి కోరికండి. మెట్టు మెట్టుకీ నేనే దగ్గరుండి కట్టించాను. ఏప్రిల్ ఒకటి నుంచే బాలవాడి తెరుస్తున్నాం," అన్నాడు. ఎదురుగా ఇరవై మంది చుట్టాలూ, పత్రిక విలేకరీ కూర్చుని వింటున్నారు. ఇక ఆ మాట వెనక్కి పోయే దారి లేదు. శాలువా జోజిబాబుకి కప్పారు. అతను అది భుజం మీద వేసుకుని, జనంలో యలమంద కోసం వెతికాడు కానీ, యలమంద వెనక వంటల పందిరి దగ్గర నీళ్ళు తోడుతున్నాడు.

ఇంటికి పోతుంటే దారి పొడుగునా పలకరింపులే. "ఏం మేస్త్రీ, మా పశువుల కొట్టానికి మెట్లు కావాలి, ఓ నలభై వేస్తావా?" అని ఒకడు. "ఇంకాస్త ఇటుకుంటే మెట్లు రోడ్డు దాటించేవాడివి కదా" అని ఇంకొకడు. యలమంద తలూపుకుంటూ పోయాడు. ఈ మాటలు తను బతికున్నంత కాలం వినాలని ఆయనకి తెలుసు. చాట్రాయి షెడ్డు పోయింది. ఇక ఈ చుట్టుపక్కల షెడ్డు పని ఎవరూ ఇవ్వరు.

పొద్దు వాలుతుండగా మంగమ్మ అన్నం పెట్టింది. పప్పు, మామిడికాయ ముక్క, చారెడు నెయ్యి. బుజ్జమ్మ ఎక్కీ దిగీ అలిసిపోయి గోడవార నిద్రపోతోంది. మంగమ్మ ఎదురుగా కూర్చుని, ఆయన రెండు ముద్దలు తినేదాకా ఆగింది.

"నిజంగానే లెక్క తప్పిందా నాన్నా?"

యలమంద అన్నం కలుపుతూ ఉండిపోయాడు. చెప్పడానికి చాలా ఉన్నాయి. సెంటీమీటర్లున్నాయి, కామెర్లున్నాయి, చిన్నయ్య లారీ ఉంది. అన్నీ నోటి దాకా వచ్చాయి.

"తప్పింది," అన్నాడు. "మెట్లు కాదు. అరుగు తప్పింది. ఎవరికి కడుతున్నానో మర్చిపోయి కట్టాను. తప్పు నాదే."

మంగమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇంకోసారి అను."

"ఏంటే?"

"అదే. తప్పు నాదే అను. అమ్మ ముప్ఫై ఏళ్ళు కాపరం చేసింది నీతో. ఒక్కసారైనా ఆ మాట వింటే చాలనుకుంటూనే పోయింది."

యలమంద ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. మళ్ళీ కంచంలో పెట్టేశాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"తప్పు నాదే," అన్నాడు.